అంటుకు పెళ్ళి చేసినవాళ్ళు

మామిడి అంటు కట్టడం నేర్పమని మా యింటికి వచ్చేవాళ్ళందరూ కత్తి తెచ్చుకుంటారు గాని ఓపిక తెచ్చుకోరు. బల్ల మీద కూర్చోకముందే మొదటి ప్రశ్న, "కాయ ఎన్నాళ్ళకి?" రెండోది, "మధ్యలో విప్పి చూడొచ్చా?" చూడకూడదని చెబుతాను. తలలాడిస్తారు. పదిహేనో రోజున వాళ్ళ యింటి నుంచి ఎవరో వచ్చి, "కొంచెమే విప్పి చూశారంటమ్మా, నల్లబడింది" అంటారు. కొంచెం విప్పడం అంటే ఏమిటో నాకీనాటికీ తెలియదు.

నేను ఇంతవరకు కట్టినవి నూట పద్నాలుగు అంట్లు. ఎనభై తొమ్మిది బతికాయి, ఇరవై అయిదు పోయాయి. పోయినవాటిలో పదకొండు విప్పి చూసినందువల్ల, ఆరు కట్టు వదులైనందువల్ల, అయిదు నీళ్ళు మరిచినందువల్ల, రెండు ఆవు తిన్నందువల్ల. మిగిలిన ఒక్కటి పెళ్ళి చేసినందువల్ల. ఆ ఒక్కదాని సంగతి రాసిపెట్టమని మా మనవరాలు అడిగింది. దానికి తెలుగు చదవడం రాదు. రాశాక నేనే చదివి హిందీలో చెప్పాలట. అలాగే కానీ.

అప్పుడు మేము సముద్రం దాటి వచ్చిన ఈ దీవిలో, లంబాసా వైపు ఒక చెరకు ఎస్టేటులో గిర్మిట్ అనే కూలి ఒప్పందం కింద పని చేస్తున్నాం. అయిదేళ్ళ ఒప్పందంలో నాలుగేళ్ళ రెండు నెలలు గడిచాయి. కూలీల లైనులో మా గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. గదికీ గదికీ మధ్య గోడ కప్పుదాకా ఉండదు. పక్క గదిలో దగ్గితే మా గదిలో నిద్ర లేచేవాళ్ళం. ఎడ్లకొట్టం వెనక ఒక మామిడిచెట్టు ఉండేది. మాకంటే ముందు ఓడల్లో వచ్చినవాళ్ళెవరో టెంక తెచ్చి పాతారట. చుట్టుపక్కల ఉన్న మామిళ్ళన్నీ పీచు. తిన్నాక పళ్ళు బాగుచేసుకోవడానికి తిన్నంతసేపు పట్టేది. ఈ చెట్టు కాయకి పీచు లేదు, టెంక పలచన, తొక్క దగ్గర కూడా తీపే. టెంక పాతితే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అంటు కడితేనే అదే కాయ. గిర్మిట్ తీరాక ఎక్కడ నేల దొరికినా అక్కడ ఆ చెట్టు ఉండాలనుకున్నాను. అన్నేళ్ళు చెరకు నరికి ఆ ఎస్టేటు నుంచి నేను తీసుకుపోవాలనుకున్నది అదొక్కటే.

ఒకరోజు సర్దారు, అంటే మా మీద పని చేయించే మేస్త్రీ, చెరకు బండ్ల పట్టాలు ఎడ్లకొట్టం వెనక నుంచి పోతాయని, చెట్టు కొట్టేస్తారని చెప్పాడు. ఎప్పుడని అడిగితే వేళ్ళు మడిచి లెక్కవేసి, తొంభై ఆరు రోజులన్నాడు. ఆ సాయంత్రమే గోడ మీద బొగ్గుతో తొంభై ఆరు గీతలు గీశాను. రోజుకొకటి కొట్టేయాలి. అంటు అతకడానికి డెబ్బై అయిదు రోజులు. మిగిలేవి ఇరవై ఒకటి.

మా నాన్న పిఠాపురం వైపు తోటల్లో అంట్లు కట్టేవాడు. ఆడపిల్ల ముడితే అంటు పట్టదని నన్ను దూరంగా కూర్చోబెట్టేవాడు. దూరమంటే ఆరు గజాలు. ఆరు గజాల నుంచి కత్తి ఎలా తిరుగుతుందో బాగానే కనబడుతుంది.

"మీ నాన్న నిన్ను ముట్టుకోనివ్వలేదన్నావుగా. మరెలా కడతావే?" అన్నాడు మా ఆయన.

"ముట్టుకోనివ్వలేదు. కళ్ళు మూసుకోమనలేదు."

పీచుమామిడి టెంకలు నాటిన కిరసనాయిలు డబ్బాలు మా గుమ్మం పక్కన మూడుండేవి. ఒకదాన్ని ఎద్దు తొక్కింది. రెండు మిగిలాయి. మొక్కలు ఏడాదివి, చిటికెన వేలంత లావు. నాలుగు రోజులు పోయాక, వాన తెరిపిచ్చిన సాయంత్రం చూసి, చెట్టు కింద వెదురుతో చిన్న మంచె కట్టించి ఒక డబ్బాను దాని మీద పెట్టాను. మొక్క లావే ఉన్న కొమ్మను ఎంచాను; అతుకు పడేదాకా దాన్ని చెట్టు నుంచి కోయకూడదు. రెండింటికీ మూడంగుళాల పొడవున, బెరడుతోపాటు పలచగా చెక్క కూడా లేచేలా ఒకే కోతలో చెక్కాలి. రెండు కోతలయితే మిట్టపల్లాలొస్తాయి, సందులో నీళ్ళు నిలుస్తాయి. కోతకు కోత ఆనించి అరటినారతో బిగించి కట్టాలి. పైన బంకమట్టి, పేడ కలిపి మెత్తాలి. ఆ పైన గోనెగుడ్డ చుట్టాలి. డబ్బాకు పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు. అంతే, ఇంకేమీ చేయకూడదు. ఈ ఇంకేమీ చేయకపోవడం నేర్పడమే నావల్ల కాలేదు.

కట్టిన పద్నాలుగో రోజు ఆదివారం. బట్టలుతకడానికి నదికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఎడ్లకొట్టం వెనక పెళ్ళిపాట వినిపించింది. లైనులో పెళ్ళీడు పిల్ల ఎవరూ లేరు. తడిబట్టల మూటతోనే పరుగెత్తాను.

చెట్టు కింద తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. మధ్యలో మా పక్క గది వదిన. నాకు చుట్టం కాదు, ఒకే ఓడలో వచ్చాం, విజయనగరం దగ్గరి మనిషి. నా గోనెగుడ్డ నేల మీద ఉంది. మట్టి లేదు. అరటినార లేదు. దాని చోట పసుపుతాడు, మూడు ముళ్ళు.

"రా మరదలా, నీకోసమే సూత్తన్నాం. తలంబ్రాలు కూడా అయిపోనాయి," అంది వదిన.

"ఏం చేశారు వదినా?"

"ఏటి సేత్తాం? లగ్గం సేసినాం. కొమ్మ ఆడపిల్ల. పుట్టిల్లొదిలి డబ్బాలోడింటికి ఎల్లిపోద్ది. ఒట్టినే అంపీమంటావా?"

"మట్టి ఎవరు తీశారు?"

"పెళ్ళికూతురి ముఖాన పేడేటే? నలుగెట్టి కడిగినాం."

"డబ్బా ఎవరు తిప్పారు?"

"తూరుపు ముఖం ఉండాల కదా!"

అక్కడే సర్దారు కూడా ఉన్నాడు. ఆదివారం పూట అటుగా పోతుంటే పట్టుకుని పెళ్ళికూతురి తండ్రివని కూర్చోబెట్టారట. అల్లుడి కాళ్ళు కడగాలంటే డబ్బాలో ఒక కడవెడు నీళ్ళు గుమ్మరించాడు. రోజుకు రెండు చెంబులు పోయవలసిన డబ్బా. నన్ను చూసి మీసం దువ్వుకుని, "మనకు ఆడపిల్లల్లేరు గదమ్మే, ఆ ముచ్చట తీరింది," అన్నాడు.

మా ఆయన చెట్టుకు అవతలివైపు నిలబడి అరిటాకులో బెల్లం పంచుతున్నాడు.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"అడిగారే. కాదంటే బాగుండదని..."

"డబ్బా ఎంత తిప్పారు?"

"ఎక్కువేం లేదు. పావు చుట్టు."

అతుకు దగ్గర ఆవగింజంత కదిలినా అంటు పోతుంది. పావు చుట్టట! తడిబట్టల మూట గదిలో పడేసి తలుపు వేసుకున్నాను. సాయంత్రం గోడ మీది నుంచి వదిన గొంతు వచ్చింది.

"కోపమొచ్చిందేటి మరదలా? నాకు ఓడెక్కకముందు డిపోలో ఆ మనిసి పక్కన నిలబెట్టి కాయితం మీద రాసీసినారు. అదే లగ్గం. పసుపుతాడు సూసి నాలుగేళ్ళు దాటింది. నానే కట్టినాను, నా సేతుల్తో."

నాలుగేళ్ళు దాటిందని అంటు తాళదు కదా. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. అతుకు నల్లబడి జిగురు కారుతోంది, మొక్క తలవాల్చేసింది. విప్పి పారేశాను. గోడ మీద గీతలు లెక్కపెట్టాను. మిగిలినవి డెబ్బై ఏడు. కావలసినవి డెబ్బై అయిదు. మిగిలిన మొక్క ఒక్కటి.

ఆ రోజు చేను పని ముగించుకుని వచ్చి చీకటి పడకముందే రెండో అంటు కట్టాను. మంచె చుట్టూ ముళ్ళకంప వేశాను. వదిన కంప అవతల నిలబడి, "ఇదేటి, మారుమనువా?" అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. ఈసారి పాటా వద్దు, పసుపూ వద్దు, కంప దాటినవాళ్ళతో ఈ జన్మకి మాట్లాడనని చెప్పాను. వాళ్ళు దాటలేదు. దాటింది మా ఆయన. ఇరవై ఒకటో రోజున కంపలో చెయ్యి పెట్టి మట్టిని గోటితో గీకుతూ దొరికాడు.

"లోపల అతుకుతోందో లేదో..."

"అతుకుతుంటే నీ గోటికి చెబుతుందా?"

"చూస్తే నిమ్మళంగా ఉంటుంది కదే."

"నీకు నిమ్మళం. దానికి చావు."

తరువాత అతను మంచె దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి, "ఏమన్నా తెలిసిందా?" అని రోజూ అడిగేవాడు. మూసి ఉన్న మట్టిముద్దలో ఏం తెలుస్తుంది?

అరవయ్యో రోజున అతుకుకు దిగువన తల్లికొమ్మకు పావు మందం గాటు పెట్టాను. కొమ్మ వాడలేదు. అంటే కింది మొక్క నుంచి కొంత తాగుతోంది. అరవై ఏడో రోజున గాటు సగం చేశాను. డెబ్బై అయిదో రోజున పూర్తిగా కోసి దించవచ్చు.

అరవై ఎనిమిదో రోజు పొద్దున సర్దారు గొడ్డళ్ళతో నలుగురిని వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు. తొమ్మిది రోజులు ముందుగా.

"ఏందమ్మే అడ్డం నిలబడినావు? పట్టాలొచ్చేసినాయి. కూలంబరు ఈ పొద్దే కొట్టమన్నాడు," అన్నాడు. కూలంబరంటే సర్దారు పైనుండే తెల్ల ఓవర్సీరు.

"తొంభై ఆరు రోజులన్నది నువ్వే. ఇంకా తొమ్మిదున్నాయి. గోడ మీద గీతలున్నాయి, వచ్చి లెక్కపెట్టుకో."

"నీ బొగ్గు గీతలకు పట్టాలు ఆగతాయా?"

నా దగ్గర ఉన్నది ఆ లెక్కే. అప్పుడు పనికి బయలుదేరిన ఆడవాళ్ళలో నుంచి వదిన కత్తి భుజాన వేసుకుని ముందుకొచ్చింది.

"ఓ పెళ్ళికూతురి అయ్యా! అల్లుడి కాళ్ళు కడిగినోడివి నువ్వు కాదేటి?"

"ఆ అల్లుడు చచ్చిపాయ గదమ్మే."

"మారుమనువు సేసినాం. మారుమనువు పిల్లకి అప్పగింతలుండవా? పిల్లని అంపకముందే పుట్టిల్లు కూల్చీసే తండ్రిని నానెక్కడా సూళ్ళేదు."

గొడ్డళ్ళవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒక హిందీ అతను, "సహీ బాత్ హై, సర్దార్," అన్నాడు. సర్దారు ముఖం ఎర్రబడింది. మమ్మల్ని తిట్టడానికి అతనికి ఎప్పుడూ మాట తడుముకోవలసిన పని లేదు. ఆ రోజు తడుముకున్నాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ఎన్ని దినాలు?"

"ఏడు."

"ఏటి కాడ నుంచి మొదులుపెడతాం. జామ చెట్లు నాలుగు, కొబ్బరి చెట్లు రెండు. అవి అయిపోతే ఇదే. ఏడో ఎన్నో నాకు తెలీదు."

వాటికి ఆరు రోజులు పట్టింది. డెబ్బై నాలుగో రోజు తెల్లవారగానే అతుకుకు దిగువన మిగిలిన సగం కోసేశాను. అతుకుకు పైన డబ్బా మొక్క తల కోసేశాను. ఒక రోజు తక్కువ. వద్దంటున్నా వదిన అప్పగింతల పాట పాడుతూ నిజంగానే ఏడ్చింది. కుంకుమ వేలితో ముందుకొస్తే డబ్బా చూపించాను. డబ్బాకే పెట్టింది. మేము గది గుమ్మం చేరేలోపు వెనక గొడ్డలి చప్పుడు మొదలయింది.

మా ఆయన డబ్బాను గది నీడలో దించి, "ఇప్పుడైనా విప్పి చూడొచ్చా?" అన్నాడు. ఇరవై రోజులు ఆగమన్నాను.

ఆ అంటు బతికింది. గిర్మిట్ తీరాక కౌలుకు తీసుకున్న ఈ పొలంలో పాతాం. మూడో ఏట పదకొండు కాయలు. నాలుగు వదినకు ఇచ్చాను. తిని, "సూసినావా, లగ్గం ఫలం," అంది.

ఇప్పుడు ఆవిడది మా పక్క పొలమే. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ముందు ఆవిడ గుమ్మం దాటి రావాలి. డెబ్బై అయిదు రోజులని నేను చెబుతాను. లగ్గం సేత్తే డెబ్బై నాలుగు సాలని ఆవిడ చెబుతుంది. పెళ్ళి చేసిన అంటు చచ్చిందని, చేయనిదే బతికిందని ముప్ఫైసార్లు చెప్పి ఉంటాను. మరి చెట్టును ఆ రోజు గొడ్డలి నుంచి ఆపిందేటని అడుగుతుంది. దానికి నా దగ్గర లెక్క లేదు.

నిన్న కూడా ఒకాయన కత్తితోపాటు పసుపుతాడు పట్టుకుని వచ్చాడు. తాడు కంచె గుంజకు కట్టి, చేతులు కడుక్కుని రమ్మన్నాను. ఆ గుంజకు ఇప్పటికి ముప్ఫై ఏడు తాళ్ళు.