ఫొటోకు పనికిరాని పిల్ల

డ్రిల్లు మాస్టారు ఉద్యోగంలో చేరిననాడు ఆ బడికి మైదానం ఉండేది. ఇప్పుడక్కడ బడి బస్సులను నిలుపుతున్నారు. ఆటల పీరియడును లెక్కలకు ధారపోశారు. పిల్లలు ఒళ్లు చేస్తే మాత్రం నింద మాస్టారిదే. ఆయన పొద్దున్నే బస్సుల మధ్య సందులో పరుగు నేర్పేవాడు. తొమ్మిదో తరగతి బొద్దుపిల్ల ఒక్కరోజూ మానలేదు.

ఆరోగ్య దినోత్సవానికి బస్సులను బయటికి తోలి గీతలు గీశారు. పందేనికి నిలబడ్డ ఆ పిల్లను ప్రిన్సిపాల్ వేలితో పక్కకు పిలిచాడు.

"నువ్వలా కూర్చోమ్మా, ఫొటోలు తీస్తున్నారు. మాస్టారూ, కాస్త సన్నగా ఉన్నవాళ్లను నిలబెట్టండి!"

ఆరోగ్యం పేరిట ఇంత నీచమైన మాట మాస్టారు ఏనాడూ వినలేదు. మెడలోని విజిల్ తీసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టాడు.

"ఆ పిల్ల లేని పందేనికి మీరే ఊదుకోండి."

అందరూ చూస్తుండగా ప్రిన్సిపాల్ విజిల్ తిరిగిచ్చాడు.

"నేను ఆఖర్న వస్తానేమో మాస్టారూ," అంది పిల్ల, గీత మీదికి వస్తూ.

"రావే తల్లీ. ఆగకు, చాలు."

పందెంలో ఆమె ఇంకా సగం దూరంలో ఉండగానే ఫొటోలవాళ్లు వెళ్లిపోయారు. బస్సులు హారన్లు కొడుతూ గేటులోకి చొరబడ్డాయి. మాస్టారు చేతులు చాచి వాటికి అడ్డంగా నిలబడ్డాడు.