వెబ్‌ఖెత్ దాచుకున్న నారబట్ట

మా పడమటి కొండ కింద ఊళ్లో మగాళ్లంతా రాజుల సమాధులు తొలిచేవాళ్లే. పక్కింటి వెబ్‌ఖెత్ మొగుడు ఆ పనిలోనే బండ విరిగి మీద పడి చనిపోయాడు. ఆమె అవిసె నార వడికి, సన్నటి బట్ట నేసి పెట్టెలో దాచేది. కట్టుకోవడానికి కాదు, తాను పోయాక ఒంటికి చుట్టడానికి. చుట్టకపోతే ఒళ్లు నిలవదు, ఒళ్లు లేనివాళ్లకు అవతలి లోకమూ లేదు.

"బతికినన్నాళ్లూ చిరుగుపాత, చచ్చాక రాణీగారి సింగారమా వదినా?" అని ఏడిపించేదాన్ని.

"ఇక్కడ నాలుగునాళ్లే. అక్కడ ఎన్నాళ్లుండాలో నీకేం తెలుసే!" అనేది.

ఒక్కగానొక్క కొడుకు పెన్బూయ్ రాళ్లు మోసే పడవ మీద దక్షిణానికి వెళ్లాడు. వరదలో పడవ మునిగిందని కబురొచ్చింది. శవం దొరకలేదు. మొసళ్లు వదిలిపెడతాయా? వెబ్‌ఖెత్ చెక్కతో మనిషి బొమ్మ చేయించి, దాచిన బట్టంతా చీల్చి దానికి చుట్టింది. ప్రతి పేలిక అంచునా వాడి పేరు రాయించింది. దేవతలు పేరు పెట్టి పిలిస్తేనే కదా పోయినవాడు లేచేది! బొమ్మను మొగుడి పక్కన పెట్టి సమాధి మూయించింది.

"మరి నీకో?" అన్నాను.

"మళ్లీ నేస్తాలే."

నేయలేదు. ఏడ్చి ఏడ్చి చూపు పోయింది.

కరువొచ్చిన ఏడాది ఆమె కన్నుమూసింది. బట్ట లేక, చాపలోనే చుట్టి ఇసుకలో పూడ్చడానికి నేను చాప తెచ్చేసరికి, గడ్డం మాసిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెన్బూయ్! ఒడ్డున పడ్డవాణ్ణి ఎడారి దొంగలు ఎత్తుకుపోయి అమ్మేశారట, ఇన్నాళ్లకు తప్పించుకొచ్చాడట.

"ఇప్పుడా వచ్చేది? నిన్న వచ్చి చావలేకపోయావట్రా!" అని వీపు మీద నాలుగు బాది, పట్టుకుని ఏడ్చాను.

బొమ్మ సంగతి విని వాడు తండ్రి ఉలి అందుకున్నాడు.

"సమాధి తెరిస్తే దొంగవని కట్టేస్తార్రా!"

"నా గోరీ నేను తవ్వుకుంటే దొంగతనమేంటత్తా?"

బొమ్మకున్న బట్ట విప్పి వెబ్‌ఖెత్‌కు చుట్టాం. ఆమె పేరు రాయమంటే, సమాధి తెరిచామని తెలిసి రాతగాడు భయపడి తలుపు తీయలేదు. అంచంచునా వాడి పేరే మిగిలింది.

"దేవతలు నిన్నే పిలుస్తార్రా," అన్నాను.

"పిలవనీ. నా పేరు వింటే అమ్మ లేవకుండా ఉంటుందా?"

"మరి నీకో?"

వాడు తల్లిని తండ్రి పక్కన పెట్టి సమాధి మూశాడు. ఆమె కోసం తెచ్చిన చాపను చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు.