మచ్చనాలుక

మొన్న సాయంత్రం కొత్తవలసలో మా మెట్ల మీద పనసపండు వాసన కమ్ముకుంది. కింది వాటావాళ్లు కోస్తున్నారు. ఇంకో రెండు రోజులు ఆగాల్సిందని ఆ వాసనే చెప్పింది. వాళ్లకు నేనేమీ చెప్పలేదు.

పాతపట్నం దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంటే తాటిముంజలు, ఈతపళ్లు, కాల్చిన జీడిపిక్కల మసితో నల్లబడ్డ వేళ్లు, వాకిట్లో ఆరబోసిన చింతపండు మీద ఈగల రొద. వీటన్నిటి మధ్య నాయనమ్మ మనవలందరిలో నన్నొక్కదాన్నే దొడ్లోని పనసచెట్ల కిందికి తీసుకెళ్లేది. కాయను వేళ్లతో తట్టి, చెవి ఆనించి వినమనేది.

"ముందు నీకేటనిపిస్తాదో సెప్పు. తరవాత ఎందుకో సెప్పు. రెండూ కలిస్తేనే కత్తెట్టాల."

కలవకపోతే కాయను చెట్టుకే వదిలేసేది. ఆ పిలుపు కోసం నేను ఆటలు మానుకుని కూర్చునేదాన్ని.

ఒక ఏడాది చిన్నాన్న తన అత్తవారింటికి పట్టుకెళ్లడానికి పెద్ద కాయ దించాడు. తట్టాను. లోపల కుళ్లిందనిపించింది. తొడిమ పక్కన మోత చచ్చుగా ఉందనీ, అక్కడే చిన్న బెజ్జం ఉందనీ చెప్పాను. నాయనమ్మ కూడా తట్టి, అవునన్నట్టు నాకేసి తలూపింది.

"ఎల్లెల్లే గుంటా, పనసకాయకి నాడి సూస్తన్నావేటి" అని చిన్నాన్న నవ్వి, కాయతో బస్సెక్కాడు.

అక్కడ కోస్తే సగం కుళ్లు. తిరిగొచ్చిన చిన్నాన్న అందరి ముందూ నన్ను నిలబెట్టాడు.

"ఏదీ, నాలిక సాపు. నువ్వన్నావు, అదయ్యింది. మచ్చనాలికే నీది."

గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి వెతికారు. మచ్చ లేదు. "లోపలికుంటాది" అంది పిన్ని. అందరూ నవ్వారు. చింతపిక్కలు తీస్తున్న నాయనమ్మ తలెత్తలేదు. తర్వాత నన్నెప్పుడూ చెట్ల కిందికి పిలవలేదు. అన్నయ్య పరీక్షకు బయల్దేరుతుంటే నన్ను వంటింట్లోకి పంపేవారు.

చిన్నాన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో ఈ కథ చెప్పి నవ్విస్తాడు. నేను వడ్డన ఆపకుండా వింటాను. కోపం కూడా రాదు.

నాయనమ్మ మంచం పట్టిన ఏడాది మాత్రం అడిగాను, ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని.

"నన్నూ నాలిక సాపమందురు గదే" అంది.

కారణం సరైనదే. ఆవిడ పోయాక తుపానుకు చెట్లూ పడిపోయాయి. దొడ్డంతా సిమెంటు చేయించారు. ఆవిడను క్షమించాలని మాత్రం నాకు ఇప్పటికీ అనిపించలేదు.