గేరుబాక్సు వేడి, తమ్ముడి పూలమాల

మా తమ్ముడి దృష్టిలో బండి అంటే చప్పుడు. చప్పుడు ఎంత పెద్దదైతే బండి అంత గొప్పదని వాడి నమ్మకం. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

మాది నాయన మోకాళ్ల నొప్పితో క్లచ్ తొక్కలేక కొనుక్కున్న ఆటోమేటిక్ కారు. ఆయన తోలడం మానేశాక అది నాదా, తమ్ముడిదా అన్న గొడవ తిరుపతిలో మా ఇంట్లో రోజూ ఉండేది. నేను ఏర్పేడు బళ్లో లెక్కలు చెబుతాను. తమ్ముడు మా బట్టల అంగట్లో కూర్చుంటాడు, అదీ మధ్యాహ్నం నిద్ర అయ్యాక. ఇద్దరికీ డ్రాగ్ రేసుల పిచ్చి మాత్రం ఒకటే. నగరి దాటి తమిళనాడులోకి పోతే, విమానాలు దిగని పాత రన్‌వే ఒకటుంది. సెలవు రోజుల్లో మాలాంటి వాళ్లంతా అక్కడ చేరి గీత నుంచి గీత దాకా తిన్నగా ఇంటి కార్లతోనే పోటీ పడతారు. పోయిన వేసవిలో నాయన మా గొడవకు విసిగిపోయి తీర్పు చెప్పాడు.

"ఈ తూరి ఇద్దురూ తోలండి. ఎవురు రాసిన టయానికి దగ్గరగా తెస్తారో కారు వాళ్లదే. ఇంగ నా దగ్గర పంచాయితీ పెట్టొద్దండి."

రాసిన టైము అంటే ఏమిటో చెప్పాలి. మేము పోయే పోటీలో ముందు వచ్చినవాడు గెలవడు. మన బండి ఆ దూరాన్ని ఎంతసేపట్లో దాటుతుందో ముందుగానే అద్దం మీద రాయాలి. దానికి ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది. అంతకంటే తొందరగా వచ్చినా ఓడినట్టే. ఇన్నాళ్లు పోయి వస్తున్నా ఈ చివరి ముక్క మా తమ్ముడి బుర్రలోకి ఎక్కలేదు.

ఇక్కడే గేరుబాక్సు సంగతి వస్తుంది. ఆటోమేటిక్ కారులో ఇంజను బలం చక్రాలకు చేరేది నూనె గుండా. నూనె చల్లగా ఉంటే చిక్కగా ఉండి బండి బద్ధకిస్తుంది. మరీ కాగితే పలచబడి జారుతుంది. ప్రతిసారీ ఒకే వేడి దగ్గర బయల్దేరితేనే ప్రతిసారీ ఒకే టైము వస్తుంది. పెనం ముందు నిలబడి దోసెలు పోసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. మా తమ్ముడికి దోసె తినడమే తెలుసు. అందుకే ఆ నూనెను చల్లార్చే చిన్న రేడియేటరు కారు ముందు భాగంలో బిగించుకున్నది నేను, వేడి చూపించే ముల్లు స్టీరింగు పక్కన పెట్టించుకున్నదీ నేనే.

పోటీ రోజు పొద్దున తమ్ముడు కారుకు పూజ చేశాడు. చేయనీ, నేనూ దండం పెట్టుకున్నాను. కానీ చేయి మందం చామంతి మాల తెచ్చి, సరిగ్గా ఆ చిన్న రేడియేటరుకు అడ్డంగా, గాలికి ఎగిరిపోకుండా కట్టుతీగతో బిగించాడు. గాలి తగలాల్సిన చోటు మూసేశావని మొత్తుకున్నాను.

"దేవుని మాలక్కా. పూలు రాలేదాకా తీయగూడదు," అన్నాడు.

"ఉండనీలే పాపా, పూలు కారునేం జేస్తాయి," అన్నాడు నాయన.

మొదటి వంతు తమ్ముడిది. వరసలో నిలబడినంతసేపూ బ్రేకు తొక్కిపెట్టి యాక్సిలరేటరు నొక్కుతూనే ఉన్నాడు. పది మంది ఫోన్లు పైకెత్తేసరికి వాడికి ఒళ్లు తెలియలేదు. లోపల నూనె సలసలా కాగుతోంది. తీరా పచ్చలైటు పడ్డాక బండి జారుకుంటూ, ఈడ్చుకుంటూ పోయింది. రాసిన టైముకు ఎక్కడో దూరంగా తేలాడు. దిగి వచ్చి ఎదురుగాలి అన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

తర్వాతి వంతు నాది, అదే కారుతో. ముల్లు పై చివరకు అంటుకుని ఉంది. కట్టుతీగ తెంచి మాల ఊడదీశాను. తమ్ముడు అరుస్తూ అడ్డం వచ్చాడు. రాలేదాకా తీయకూడదు కదా అని దాన్ని వాడి మెడలోనే వేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి ఫోన్లు మళ్లీ ఎత్తారు. వాడు దాన్ని వెంటనే తీయలేదు. ఫోన్లలో పడుతున్నాడు కదా, అదే వాడికి పెళ్లి.

ఇంజను ఆపేసి, బానెట్ ఎత్తి, వరస కదిలినప్పుడల్లా కారును చేత్తో తోసుకుంటూ పోయాను. ఎండ మాడుతోంది. "వండి రిపేరా అక్కా?" అని, బండి చెడిందనుకుని ఒక తమిళ కుర్రాడు జాలి పడ్డాడు. నాయన షామియానా కింద కుర్చీలో ఉన్నాడు. తమ్ముడు ఆయన పక్కన మజ్జిగ తాగుతున్నాడు. నా వంతు వచ్చేసరికి ముల్లు నాకు కావలసిన చోటికి దిగింది. అప్పుడు ఇంజను వేసి, పచ్చలైటు చూసి వదిలాను. బోర్డు మీద పడిన టైముకూ నేను రాసిన టైముకూ వెంట్రుకవాసి తేడా.

నాయన లేచి బోర్డు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"బాగా తోలినావు పాపా. ఒకటి సేద్దాం. కారు వాని దగ్గరే ఉండనీ. నువ్వు పక్కన కూసోని వేడి సూస్తా ఉండు, వాడు తోలతాడు. మొగోడు, నలుగుర్లో తల ఎట్ల ఎత్తుకుంటాడు సెప్పు?"

తమ్ముడి మీద నాకున్నది చిన్నప్పటి నుంచీ చులకనే. అది నన్నెప్పుడూ బాధించలేదు. నాయన మీద మాత్రం ఆ నిమిషం దాకా లేదు. అప్పుడే మొదటిసారి వచ్చింది, వచ్చినందుకు ఏడుపొచ్చింది.

"మాటిచ్చింది నువ్వు నాయనా," అన్నాను. "తాళం నా దగ్గరుండాది. తిరుపతికి రావాలంటే ఎక్కండి. లేకుంటే నగరి దాకా ఏదన్నా ఆటో పట్టుకోండి, ఆడ బస్సులుంటాయి."

ఇద్దరూ ఎక్కారు. తమ్ముడు వెనక సీట్లో మూతి ముడుచుకుని పడుకున్నాడు. పుత్తూరు దాటాక పక్క సీట్లోంచి నాయన అందుకున్నాడు.

"కొంచెం నిదానంగా పో పాపా. గేరుబాక్సు వేడెక్కుతాది."

నా కారును నాకు నచ్చిన వేగంతోనే తోలాను.