ఓబులేసన్న అడిగిన కౌన్సెలింగ్

నలభై నాలుగేళ్ల వయసులో కౌన్సెలింగ్ చదువుదామని యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నాను. ఆ మాట బుక్కరాయసముద్రంలో మా వీధంతా పాకినట్టుంది. ఈ రోజు సాయంత్రం ఓబులేసన్న కూతురు శిరీషను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన వేరుశనగ రైతు.

"పాపకు కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు వచ్చిండాది. రెండో కౌన్సెలింగ్‌లో ఇంకా మంచి కాలేజీ యాడ దొరుకుతాదో చెప్పుమా" అన్నాడు.

నేను చదవబోయే కౌన్సెలింగ్‌లో సీట్లు ఇవ్వరని, మనుషుల బాధలు వింటారని చెప్పాను.

"వినేదానికి గూడా చదువుండాదా?" అన్నాడు ఓబులేసన్న.

ఊరికే పంపడం బాగుండదని టీ ఇచ్చి, నీకేం చదవాలనుందని శిరీషను అడిగాను. పాప పలకలేదు. ఎదుటి మనిషిని తొందరపెట్టకూడదని పొద్దున్నే చదివాను కాబట్టి నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. మా ఆయన నమ్మడు గానీ, నిజంగానే కూర్చున్నాను.

కాసేపటికి శిరీష తల వంచుకునే, "నాకు వ్యవసాయ ఇంజనీరింగ్ చదవల్లని ఉండాది నాయనా" అంది.

చేని నుంచి కూతుర్ని తప్పించాలని చూస్తున్న ఆ మనిషి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ముందే ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు అడగల్యా."

ఓబులేసన్న తిట్టలేదు. "సరే, రెండోసారి అదే పెడదాం పా" అని లేచి, గడప దగ్గర నావైపు తిరిగాడు.

"సీట్లు ఇయ్యరంటివి, సరే. వచ్చిన సీటు గూడా పోగొడితివి కదమ్మా."

కోర్సులో చేరకముందే ఒక సీటు పోగొట్టాను. ఇక నాకు సీటు ఇస్తారంటారా?