ఒక్క పాయింటూ, నా గుండూ

నా తల చూసి ఎవరూ కంగారుపడకండి. మా నాన్న గుడివాడలో నిక్షేపంలా ఉన్నారు, నిన్న కూడా ఫోన్ చేసి తిట్టారు. ఇది వేరే గుండు. దీని వెనకాల ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉంది, ఒక మొక్కు ఉంది, ఒక తువ్వాలు ఉంది. టీ తాగుతూ వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు, మా ఆవిడ సుధ మూడు వారాల నుంచీ ఆపుకోవట్లేదు.

అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరోకి రాకముందు మేం రెండేళ్లు మెల్‌బోర్న్‌లో ఉన్నామని మీకు తెలుసుగా. అక్కడ ఆఫీస్‌లో మొదటిరోజు నా మేనేజర్ గ్రెగ్ అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఏ టీమ్?" నేను టెస్టింగ్ టీమ్ అన్నాను. అది కాదట. ఫుట్‌బాల్ టీమ్! ఏదో ఒక టీమ్ లేకుండా ఆ ఊళ్లో మనిషి లెక్కలోకి రాడు. నేను నీళ్లు నములుతుంటే గ్రెగ్ జాలిపడి తన సొరుగులోంచి ఒక పాత మఫ్లర్ తీసి నా మెడలో వేశాడు. అది పెలికాన్స్ వాళ్ల మఫ్లర్. అంతే, నా జాతకం మారిపోయింది.

ఈ ఆట మన సాకర్ కాదు, ఇక్కడి సండే ఫుట్‌బాల్ కూడా కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. గ్రౌండ్ కూడా కోడిగుడ్డు ఆకారమే. ఒకడి భుజాలెక్కి ఇంకొకడు బంతి పట్టుకుంటాడు, కింద ఉన్నవాడు ఏమీ అనుకోడు! గోల్ దగ్గర నాలుగు స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తంతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయిందనుకోండి, పాపం కష్టపడ్డాడులే అని ఒక పాయింట్ ఇస్తారు. ఈ రూల్ విన్నరోజే నేను ఆ ఆటకి పడిపోయాను. గురి తప్పినవాడిని కూడా వట్టి చేతుల్తో పంపని ఆట! నా అప్రైజల్స్ కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేది.

సరే, ఈ సీజన్ సంగతి. మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయాం. వరసగా ఆరు! కోచ్ ప్రతిసారీ మైకు ముందుకొచ్చి "మాకు ప్రాసెస్ మీద నమ్మకముంది" అంటాడు. మా ఆఫీస్‌లో ప్రాజెక్ట్ మునిగిపోయేముందు మా డైరెక్టర్ సరిగ్గా ఇదే మాట అంటాడు. కెప్టెన్‌కి మోకాలి ఆపరేషన్ అయి సీజన్ మొత్తం బెంచ్ మీదే ఉన్నాడు. ఇంకోడు, ఇరవై మూడో నంబర్, వాడి మీద మేం ప్రాణాలు పెట్టుకుంటే సీజన్ మొదలవకముందే వేరే టీమ్‌కి చెక్కేశాడు. వాడిని నేను మూడు వారాలపాటు వంట చేస్తూ కూడా తిట్టాను. ఇక కొత్తగా తెచ్చిన కుర్రాడు, ఎక్కడ నిలబెట్టినా పక్క సందులోకే తంతాడు. ఒక పాయింట్, ఒక పాయింట్, ఒక పాయింట్.

అలాంటిది జూన్ నుంచి ఏమైందో ఏమో, గెలవడం మొదలుపెట్టారు! ఒకటి, రెండు, ఏడు! చివరికి పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే, ఆఖరి లీగ్ మ్యాచ్ గెలిస్తే ఫైనల్స్‌కి వెళ్తాం. ఓడితే ఇంటికి. నేను గ్రెగ్ మఫ్లర్ వేసుకున్నాక ఒక్కసారి కూడా పెలికాన్స్ ఫైనల్స్ మొహం చూడలేదు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. గురువారం స్నానం చేసి, దేవుడి అలమర ముందు నిలబడి, వెనకాముందూ చూడకుండా మొక్కేశాను. "స్వామీ, మావాళ్లు గెలిస్తే ఆ రోజే తలనీలాలు ఇస్తాను."

సుధ చేతిలో హారతి పళ్లెం అలాగే ఆగిపోయింది.

"ఏమండీ, మీ జుట్టు గురించేనా మాట్లాడేది?"

ఆమె భయం మీకు అర్థం కావాలి. మా తాతకి ముప్ఫై అయిదుకే బట్టతల. నాన్నకి ముప్ఫై ఎనిమిదికి. బాబాయిలిద్దరికీ పెళ్లి ఫొటోల్లోనే మెరుస్తూ ఉంటుంది. మా వంశం మొత్తానికి నలభై మూడేళ్లకి తల నిండా జుట్టు మిగిలింది నా ఒక్కడికే. ఇక్కడి స్కిన్ డాక్టర్ కూడా చెప్పింది, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండి, ఒకసారి పోతే అంతే ఒత్తుగా మొలుస్తుందని నేను హామీ ఇవ్వలేను అని.

"పోనీ మూడు కత్తెరలు ఇవ్వకూడదూ?" అంది సుధ.

"అవి ఆడవాళ్లకి. ఫైనల్స్ అడిగి మూడు కత్తెరలంటే స్వామి ఊరుకుంటాడా? ఇచ్చేది పూర్తిగా ఇవ్వాలి."

మ్యాచ్ మెల్‌బోర్న్‌లో శనివారం సాయంత్రం. అంటే మనకి శనివారం తెల్లవారుజామున. సరిగ్గా అదే టైమ్‌కి వెంకట్ ఇల్లు మారుతున్నాడు! వెంకట్ నా ఆఫీస్ కొలీగ్, మూడో బిల్డింగ్‌లోంచి తొమ్మిదో బిల్డింగ్‌కి మారాడు. ట్రక్ పన్నెండింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. మాటిచ్చాను కదా, తప్పదు. లైవ్ చూడలేను కాబట్టి రిజల్ట్ తెలియకుండా మధ్యాహ్నం రీప్లే చూడాలని ప్లాన్ వేశాను. ఫోన్ మ్యూట్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. వెంకట్ వాళ్ల సోఫా మోస్తూ ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఆస్ట్రేలియా మాట ఎత్తుతారేమోనని ఉలిక్కిపడ్డాను. అక్కడున్న ఎనిమిది మందిలో ఒక్కడికి కూడా ఆ ఆట పేరు తెలియదు. అయినా జాగ్రత్త మంచిది కదా!

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, మఫ్లర్ వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు అసలు ప్రమాదం ఏంటంటే, టీవీలో ఆ మ్యాచ్‌లు చూపించే యాప్ తెరవగానే పెద్ద అక్షరాలతో ఎవరు గెలిచారో హెడ్‌లైన్ పెట్టేస్తుంది. అందుకని తలమీంచి తువ్వాలు కప్పుకుని రిమోట్ సుధ చేతికిచ్చాను.

"పెలికాన్స్ అని కొట్టు. ఆఖరి రౌండ్ ఫుల్ రీప్లే. నొక్కి, స్క్రీన్ నిండా వచ్చాక చెప్పు."

"ఏమండీ, ఇక్కడ రెండు..."

"చదవొద్దు!"

"అది కాదండీ, రెండూ ఆఖరి..."

"సుధా! ఒక్క ముక్క చెప్పావంటే వారమంతా పడ్డ పాట్లు వేస్ట్! పైదే నొక్కు!"

నొక్కింది.

సౌండ్ మ్యూట్. అది నా సెంటిమెంట్. సౌండ్ పెట్టిన ప్రతి మ్యాచ్ ఓడిపోయాం, రికార్డ్ ఉంది. మ్యాచ్ మొదలైంది. ఏం ఆట అండీ! ఏం ఆట! కెప్టెన్ గ్రౌండ్‌లోకి దిగాడు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి! జింకలా పరిగెత్తుతున్నాడు. "సుధా, చూడు, విల్‌పవర్ అంటే ఇదీ!" అని నాకు కళ్లు చెమర్చాయి. ఇరవై మూడో నంబర్ మూడు గోల్స్ కొట్టాడు. వీడు వెళ్లిపోయాడు కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ గోల్ కొట్టేవాడిని పట్టుకుని నువ్విక్కడెందుకున్నావని ఎవరైనా అడుగుతారా? టీమ్ కష్టంలో ఉందని తిరిగొచ్చేసి ఉంటాడు, మంచి కుర్రాడు, అనవసరంగా తిట్టాను అనుకున్నాను. మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

గెలిచాం! పద్నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం! సోఫా మీదకెక్కి గంతులేశాను. సుధ నా వైపు అదోలా చూసింది కానీ ఏమీ అనలేదు. ఎలా అంటుంది, ఒక్క ముక్క చెప్పొద్దన్నాను కదా.

"పద, బార్బర్ షాప్‌కి. గెలిచిన రోజే అని మొక్కుకున్నాను."

డబ్బాలోంచి ఫోన్ తీస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఛార్జింగ్‌కి పెట్టి బయల్దేరాం. ఇక్కడే దేవుడు నాకో ఛాన్స్ ఇచ్చాడు, అయిదు నిమిషాలు ఆగి ఉంటే ఫోన్ వెలిగేది. నేనాగితే కదా!

మన రూట్ వన్ రోడ్డు పక్కన బార్బర్ షాప్ ఉందిగా, ఉజ్బెక్ పెద్దాయనది. నా జుట్టంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం. మొత్తం తీసేయమంటే కత్తెర కింద పెట్టేశాడు.

"మొత్తమా? ఆరోగ్యం బాగానే ఉందా?"

"బాగుంది. మా టీమ్ గెలిచింది."

ఆయన సుధ వైపు తిరిగాడు. "మేడమ్, ఓకేనా?"

సుధ నిట్టూర్చింది. "కానివ్వండి, వినడు."

అరగంటలో నలభై మూడేళ్ల వైభవం నేల మీద పడింది. దాన్ని ఒక జిప్‌లాక్ కవర్లో వేసి ఇమ్మంటే, ఆ మంచి మనిషి ఏమనుకున్నాడో, భుజం తట్టి డబ్బులు కూడా సగమే తీసుకున్నాడు.

అక్కణ్ణుంచి గుడికి. గంధం రాసుకుని, దండం పెట్టుకుని, ప్రసాదం లైన్లో నిలబడ్డాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో! అంతలో అటు చివర వెంకట్ కనిపించాడు. కొత్తింట్లో ఇంకా స్టవ్ కనెక్ట్ చేయలేదు, పులిహోర కోసం వచ్చాడు. నన్ను చూసి కొయ్యబారిపోయాడు. పొద్దున తల నిండా జుట్టుతో వాళ్ల ఫ్రిజ్ మోసినవాణ్ణి, సాయంత్రానికి గుండుతో గుళ్లో ఉన్నాను. రెండు చేతులూ జోడించి, తల వంచి, పులిహోర కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. పెలికాన్స్ గెలుపుకి ఇంత గౌరవమా అని నేను పొంగిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. ఫోన్ ఆన్ చేశాను. టపటపటప మెసేజ్‌లు! మన అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూప్ నిండా నా పేరే. "ధైర్యంగా ఉండు ప్రసాద్." "మాటలు రావట్లేదు బ్రో." "ఏ హెల్ప్ కావాలన్నా అడుగు, సాంబారు పంపిస్తున్నాం." గెలిస్తే ఈ ఏడుపులేంటి?

కిందకి జరిపితే గ్రెగ్ మెసేజ్ ఉంది. "రీప్లే చూడకు మిత్రమా. ఒక్క పాయింట్ తేడాతో పోయాం. ఆఖరి నిమిషంలో మన కొత్త కుర్రాడు మళ్లీ పక్క సందులోకే తన్నాడు."

ఒక్క పాయింట్! చెయ్యి దానంతటదే నెత్తి మీదకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. గంధం ఒక్కటే ఉంది.

"సుధా... మరి మనం చూసిందేంటి?"

టీవీ పెట్టి చూస్తే పైది పోయినేడాది ఆఖరి రౌండ్. అదే గ్రౌండ్, అదే అపోజిషన్. అప్పటికే ఫైనల్స్ ఛాన్స్ పోయాక ఉత్తుత్తినే గెలిచిన మ్యాచ్. దాన్ని పోయినేడు ఇదే సోఫాలో కూర్చుని చూసి ఇలాగే గంతులేశాను!

"నీకు తెలుసా ఇది పాతదని?"

"సగంలో అనుమానం వచ్చింది, ఇదెక్కడో చూశామే అని. మీ టీమ్ ఆటలన్నీ నాకు ఒకేలా ఉంటాయి కదా అని ఊరుకున్నాను. పైగా చెప్పొద్దన్నారు."

కూలబడిపోయాను. మళ్లీ గ్రూప్ తెరిచి మెసేజ్‌లన్నీ చదువుకున్నాను. మన ప్లెయిన్స్‌బరోలో ఇంతమంది పెలికాన్స్ కోసం బాధపడుతున్నారా! నాకు తెలియకుండా ఎంత మంచి మనుషుల మధ్య బతుకుతున్నాను! కళ్లు తుడుచుకుని టైప్ చేశాను. "థాంక్స్ ఫ్రెండ్స్. చాలా దగ్గరకొచ్చి పోయింది. వచ్చే ఏడాది చూసుకుందాం."

గ్రూప్ మొత్తం నిశ్శబ్దం. ఒక్కడు కూడా రిప్లై ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడే వీడియో కాల్ వచ్చింది. నాన్న.

"ఒరేయ్ ప్రసాదూ, నేను ఎప్పుడు పోయాన్రా?"

"అదేంటి నాన్నా!"

"ఇప్పుడే మన వీధి చివరావిడ ఫోన్ చేసి, అమెరికాలో మీ దగ్గరే ఉండే వాళ్లబ్బాయి చెప్పాడంటూ భోరున ఏడుస్తోంది. ఎలా పోయారండీ అంటుంది. నేనేనమ్మా మాట్లాడేది అంటే కెవ్వుమని పెట్టేసింది. అసలేం... ఒరేయ్, నీ నెత్తిమీద ఆ గుండేంట్రా?"

చెప్పాను. మొక్కు, తువ్వాలు, ఇరవై మూడో నంబర్, అన్నీ. నాన్న కళ్లజోడు పెట్టుకుని నా గుండుని పరీక్షగా చూశారు. ఆ తర్వాత, "తాత చేయని పని, నేను చేయని పని, చేతులారా చేసుకున్నావు కదరా. మన వంశంలో దువ్వెన కొన్నవాడివి నువ్వొక్కడివే," అన్నారు. ఆ మాటకి నిజంగానే ఏడుపొచ్చింది నాకు. సుధ పక్కన కూర్చుని వీపు రాస్తూ, "పోనీలెండి, గురి తప్పినా మీ ఆటలోలాగా ఒక పాయింట్ ఇస్తున్నాను. జిప్‌లాక్ దాచాను, గమ్ పెట్టి అతికిద్దాం," అంది. ఓదార్పో, ఎగతాళో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు వారాలైంది. ఇదిగో, చూస్తున్నారుగా! చుట్టూ చక్కగా మొలుస్తోంది. నడినెత్తిన మాత్రం నున్నగా, అచ్చం మా తాత ఫొటో. నిన్న సాయంత్రం ఇక భయమేసి మళ్లీ గుడికెళ్లాను. కళ్లు మూసుకుని మనసారా వేడుకున్నాను. "స్వామీ, పెలికాన్స్ సంగతి నీ ఇష్టం, ఫైనల్స్ వద్దు, ఏమీ వద్దు. నా జుట్టు ఒక్కటి మునుపటిలా మొలిపించు చాలు. తల నిండా మొలిచిందంటే..."

అలవాటైన నోరు కదండీ, ఆగలేదు.

"...వెంటనే వచ్చి తలనీలాలు ఇచ్చేస్తాను."

కళ్లు తెరిచేసరికి, పక్కన సుధ నెత్తి కొట్టుకుంటోంది. నాదే.