లష్కర్ నుంచి తెచ్చిన మూడు మాటలు

మా ఇంటాయన పేరు అంబదాస్. బతికున్నన్నాళ్ళూ ఆ పేరు నోటితో అనలేదు, ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది. మగ్గం మీద కూడు దొరకని రోజుల్లో, మీసం రాకముందే లష్కర్‌కు, అంటే సికింద్రాబాదుకు పోయి, ఒక ముసలి తెల్లదొర బంగ్లాలో వడ్డించే పనికి కుదిరాడు. దొరలు వెళ్ళిపోయాక, పోలీసు చర్య జరిగిన ఏడు కరీంనగరం తిరిగొచ్చి బస్టాండు వెనక చాయ హోటల్ పెట్టాడు. నన్ను చేసుకుంది ఆ తరువాతే. తెల్ల తువ్వాలు ముంజేతి మీద వేసుకుని, నడుం కొంచెం వంచి రైతులకు చాయ అందించేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

లష్కర్ నుంచి మూడు మాటలు కూడా తెచ్చుకున్నాడు. జల్ది అనడానికి టూట్‌స్వీట్. అయిపోయింది అనడానికి నాపూ. మూడోది సాన్ఫేరియాన్, దాని అర్థం నాకు చాలాకాలం తెలియదు. ఇంట్లో ఆ మాటలు వినపడేవి కావు. హోటల్లోనే, అదీ ఒక్క సక్కుబాయితోనే.

సక్కుబాయి ఆదిలాబాద్ వైపు మనిషి. అదే బంగ్లాలో దొరసాని దగ్గర ఆయాగా చేసింది. మా పెళ్ళయిన కొన్నేళ్ళకు ఇక్కడి ఆసుపత్రిలో ఆయాగా వచ్చింది. కాసె పోసి కట్టిన చీరతో, పని దిగగానే చాయకు వచ్చేది. సరిగ్గా నేను ఇంటి నుంచి పాలు తెచ్చే వేళ.

"ఏం బట్లర్, చాయ టూట్‌స్వీట్!"

"పాలు నాపూ, బాయి. నల్ల చాయ తాగుతవా?"

"నువ్వు పోస్తె ఉత్త నీళ్లైనా తాగుత."

ఇద్దరూ పడిపడి నవ్వేవాళ్ళు. నేను పాల చెంబు పట్టుకుని గడప బయటే నిలబడేదాన్ని. ఆ నవ్వు ఆయన వెంట ఇంటికి ఒక్కనాడూ రాలేదు.

ఒకసారి అడిగాను. "నీకెందుకే, దొరల మాటలు" అన్నాడు. ఇంకోసారి అన్నం వడ్డించి, ధైర్యం చేసి, "అన్నం నాపూ" అన్నాను. తింటున్న చెయ్యి ఆపి నా మొహం చూశాడు. "నీ నోట్లె మంచిగ లేదు. బంద్ జెయ్" అన్నాడు. ఆ రాత్రి నేను తినలేదు. ఆయన గమనించలేదు.

పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో గుండెనొప్పి వచ్చి హోటల్లోనే కూలిపోయాడు. నేను ఉరికి పోయేసరికి తల సక్కుబాయి ఒడిలో ఉంది. అప్పటికే ప్రాణం లేదు. చివరికి ఏమన్నాడని ఆమెను అడగలేదు. అడిగితే చెప్తుందేమోనని భయం.

మాకు పిల్లలు లేరు. మా మరిది పర్శరాములే అన్నీ చేశాడు. మూడోనాడు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టాం. ఆకులో అన్నం, కోడికూర, పక్కన గ్లాసులో చాయ. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలిందని మావాళ్ళ నమ్మకం. తుమ్మచెట్టు మీద కాకి ఉంది గాని కదలదు.

"అన్నా, వదినెను నేను జూస్కుంట. ఫికర్ జెయ్యకు" అన్నాడు పర్శరాములు. కదల్లేదు.

"తమ్ముడా, నీ హోటల్ బందు గానియ్యం" అంది మా ఆడబిడ్డ ఐలవ్వ. కదల్లేదు.

"నేను మంచిగనే ఉంట, రావయ్యా" అన్నాను. కాకి ముక్కు కొమ్మకేసి రాసుకుంది.

అప్పుడు మా అందరి వెనక నుంచి ఒక గొంతు. "సాన్ఫేరియాన్, బట్లర్!"

కాకి దిగింది.

ఐలవ్వ పక్కామె చెవిలో అంది: "పెండ్లాం పిలిస్తె రాలె. బాయి పిలిస్తె వచ్చె." మెల్లగానే అంది. అయినా విన్నాను. మొగుడు పోయిన ఏడుపు ఒకటైతే, ఆ మాట మంట ఇంకొకటి. రెండో దానికే నిద్ర పట్టలేదు. పదోనాడు మళ్ళీ పిట్టకు పెట్టాలి. మళ్ళీ ఊరందరి ముందు ఆమె పిలుపుకే వస్తే, ఆయన నావాడని నేనేం మొహం పెట్టుకుని చెప్పుకోను?

మధ్యలో సక్కుబాయే పలకరించడానికి వచ్చింది. కూర్చోమనలేదు.

"ఆ మాట నాకు చెప్పు."

"ఏ మాట చెల్లె?"

"కాకిని దించిన మాట."

ఆమె గడపలోనే చతికిలబడింది. "మా దొర వయసుల ఉన్నప్పుడు ఫ్రాన్సుకు లడాయికి పోయిండట. ఆడి జనం మాటలు గీ ఇంగ్లీషోళ్ల సిపాయిల నోట్ల తిరగక గిట్లయినయట. దొర ముసలోడైనా ఇడువలె. గ్లాసు పలిగినా, కూర మాడినా సాన్ఫేరియాన్ అనేటోడు. ఏం గాదు తియ్, అన్నట్టు. గంతే. మేం ఆడనే నేర్చినం."

నాకు ఇంకా మండింది. నా చేతిలో గిన్నె జారితే "కండ్లు యాడ వెట్టుకున్నవ్?" అన్న మనిషి. 'ఏం గాదు తియ్' అనే మాట దగ్గర పెట్టుకుని ఉండి, నాకు ఒక్కసారి అనలేదు.

ఆమె చేత పదేపదే అనిపించుకుని నేర్చుకున్నాను. తరువాత అన్నాను, "పదోనాడు నువ్వు రావద్దు."

సక్కుబాయి లేచి చీర దులుపుకుంది. "నీ మొగడు, నీ కాకి. నేనెందుకొస్త?"

పదోనాడు అదే ఒడ్డు, అదే చెట్టు. అందరికంటే ముందుకు పోయి "సాన్ఫేరియాన్" అన్నాను. కాకి అటు తిరిగి కూర్చుంది. గట్టిగా అన్నాను.

"ఏం జదువుతున్నవ్ వదినె?" అన్నాడు పర్శరాములు.

ఇసుక కాలుతోంది. ముసలివాళ్ళు గొడుగుల కింద మూలుగుతున్నారు. చివరికి ఐలవ్వ అననే అంది: "ఎవలన్న ఉరికి బాయిని పిలుచుకరాపోండ్రి."

అప్పుడు నాలో ఏదో తెగింది. చెట్టు కిందికి పోయి తలెత్తాను.

"ఏందయ్యా గిది? పొద్దు నెత్తికెక్కె. ఇంటెడు మంది నీకోసం ఉపాసం సస్తున్నరు. ఉన్నన్నాళ్లు నా కూరకు వంకలు వెట్టినవ్, ఇప్పుడు గూడనా? తింటె తిను, లేకుంటె పో!"

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయిన మనిషిని అట్లా తిట్టిన పెళ్ళాన్ని ఎవరూ చూసి ఉండరు.

కాకి రెక్కలు విదిల్చి సూటిగా ఆకు మీద వాలింది. ముందు కూర ముక్క ఎత్తుకుంది. మళ్ళీ వచ్చి అన్నం చెదరగొట్టింది, చాయ గ్లాసు పడదోసింది. "తిన్నడు, తిన్నడు" అంటూ అందరూ చేతులు జోడించారు.

నేను రోడ్డు వైపు చూశాను. గట్టు మీద ఎవరూ లేరు. సక్కుబాయి మాట తప్పలేదు. ఎందుకు రావద్దన్నానా అని ఆ క్షణంలోనే ప్రాణం ఉసూరుమంది. ఇది చూడవలసిన మనిషి ఆమే.